మా మేడమ్, ఒక నీళ్ళ దావా

మా మేడమ్ పోయారు. పోయిన ఆదివారం, జార్జియాలో, ఆస్పత్రిలో. వాళ్ళ చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. అమెరికాకి ఇంకో చివరనున్న ఈ చాండ్లర్‌లో, వంటింట్లో స్టూలు మీద కూర్చుని విన్నాను. మా ఆయనే వచ్చి నా చేతిలోంచి రిసీవర్ తీసి పెట్టేశారు.

మేడమ్ ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. అమెరికన్ ఆవిడ, నాకు చదువు చెప్పిన ప్రొఫెసర్. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట స్పెయిన్ రాజులు సముద్రం అవతల ఏలిన దేశాల చరిత్ర ఆవిడ సబ్జెక్టు. డెబ్భైల చివర్లో, అట్లాంటా దగ్గర ఆవిడ క్లాసులో చేరాను. గుంటూరులో ఎమ్మే చేసొచ్చిన నన్ను మనవాళ్ళంతా ఒకటే అడిగేవారు, స్పెయిన్‌తో నీకేం పని, హాయిగా కంప్యూటర్ కోర్సు చేయకూడదా అని. ఆవిడ పాఠం చెబుతుంటే ఇంకా వినాలనిపించేది, అంతే.

పేరు పెట్టి పిలవమని ఆవిడ, నాకు నోరు రాదని నేను. కొన్నాళ్ళు పోరి ఆవిడే ఊరుకున్నారు. డిపార్ట్‌మెంటు మొత్తంలో నాకొక్కదానికే ఆవిడ మేడమ్.

మొదటి టర్మ్‌లోనే నా పరువు పోయింది. పెరూ కొండల్లోని ఒక ఊరు, వెండి గనుల్లో వెట్టికి ఇక మనుషుల్ని పంపలేమని పెట్టుకున్న మొర మీద వ్యాసం రాయమన్నారు. మనకి పరీక్షల్లో యుద్ధమైనా విప్లవమైనా కారణాలు, సంఘటనలు, ఫలితాలు అని హెడ్డింగులు పెట్టి, కింద గీత కొట్టి రాయడం అలవాటు కదా! అలాగే రాశాను. పైగా తెలివి చూపిద్దామని ఫలితాలు ముందు పెట్టాను. మొర తోసేశారు, ఊరు ఖాళీ అయింది అని. మేడమ్ మొదటి పేరా చదివి కాగితాలు బల్ల మీద పెట్టేశారు.

"వాళ్ళని పాతిపెట్టి మొదలుపెట్టావు. మొర రాయించిన రోజున వాళ్ళకి ఆశ ఉంది. ముందు అది చదువు," అన్నారు.

అదీ ఆవిడ పద్ధతి. ఆ కాలపు దావా కాగితాలు ఎంత లావు కట్టయినా సరే, మొదటి కాగితం నుంచి వరసగా, పైకి వినపడేలా చదవాలి. చివరి పేజీ తిప్పి చూడకూడదు. ఆ మనుషులకి తెలియనిది మనకి ముందే తెలియకూడదట. ఎవరైనా చూశారని తెలిస్తే చచ్చారే! ఆ దావా లాక్కుని ఇంకొకరికి ఇచ్చేసేవారు. చదువుతుంటే మధ్యలో ఏ సాక్షో చనిపోయాడని వచ్చిందనుకోండి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి కాసేపు మాట్లాడేవారు కాదు. ఎన్నడో పోయినవాడికి ఇప్పుడీ మౌనమేమిటని నాకు విసుగ్గా ఉండేది. అలవాటయ్యాక నేనూ ఆగడం నేర్చుకున్నాను.

తర్వాత మా ఆయనకి ఇక్కడి చిప్‌ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను, థీసిస్ సగంలో ఉంది. అంత దూరంలో ఉండే విద్యార్థికి గైడ్‌గా ఉండటం కుదరదని పైవాళ్ళు మేడమ్‌కి కాగితం పంపారు. వెనకటికి స్పెయిన్ రాజుగారి ఆజ్ఞ వస్తే సముద్రం అవతలి అధికారులు దాన్ని ముద్దు పెట్టుకుని, నెత్తిన పెట్టుకుని, "విధేయులమే, అమలు మాత్రం చేయం" అనేవారు. తిరుగుబాటు కింద లెక్కలోకి రాదది, చట్టంలో ఉన్న మర్యాదే. మేడమ్ ఆ కాగితాన్ని నా ఎదురుగానే నెత్తిన పెట్టుకున్నారు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి రాసింది చదివి వినిపించమన్నారు.

అప్పటికే షుగర్ వల్ల ఆవిడ చూపు మందగించింది. చదివించుకోవడం తప్ప ఇంకో దారి లేదు.

నా థీసిస్ ఒక నీళ్ళ దావా. ఊరి కాలవని భూస్వామి తన పొలాలకి మళ్ళించుకుంటే, ఊరిపెద్ద లీమా నగరం దాకా నడిచివెళ్ళి కోర్టులో దావా వేశాడు. అక్కడ ఓడిపోయారు. ఆయన పోయాక మనవడు స్పెయిన్‌లో అప్పీలు చేయడానికి ఓడెక్కాడు. స్పెయిన్‌లోని సెవిల్ రికార్డు ఆఫీసు నుంచి తెప్పించిన ఫోటో ఫిల్ములో నేను ఆ కాగితాలన్నీ చదివాను, మేడమ్ చదవలేదు. వారం వారం పక్కింటి సంగతి అడిగినట్టు అడిగేవారు. ముసలాయన కాలి వాపు తగ్గిందా? దుబాసీ నిజంగానే వీళ్ళ పక్షమా? నా పాప ఏడిస్తే, ముందు దాని సంగతి చూడు, లీమా ఎక్కడికీ పోదు అనేవారు.

ఈ ఏడాది కిడ్నీలు పాడయ్యాయి. ఆఖరి అధ్యాయం పూర్తయ్యేసరికి ఆవిడ ఆస్పత్రిలో ఉన్నారు. ఆ గొంతు వినగానే నాకు భయం వేసింది. అందుకే పోయిన ఆదివారం మొదలుపెట్టే ముందే అడిగాను.

"మేడమ్, తీర్పు ముందే చెప్పేయనా?"

"వద్దు," అన్నారు. "వరసగా రా."

చెల్లెలు రిసీవర్ చెవి దగ్గర పట్టుకుంది. నేను చదువుకుంటూ పోయాను. లీమా రేవు, ఓడ, స్పెయిన్ కోర్టు ముందు ఏళ్ళ తరబడి పడిగాపులు. తీర్పు దగ్గరికి వచ్చాను. కాలవ ఊరిదేనని కోర్టు తేల్చింది. "మేడమ్, గెలిచారు," అన్నాను.

అవతల చెల్లెలు మాట్లాడింది.

"తను ఇందాకే వెళ్ళిపోయింది. నువ్వు చదువుతుంటే ఆపమనడానికి నాకు మనసు రాలేదు."

ఏం చదువుతుండగా అని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకో పాపం ఆవిడకి అర్థమై ఉండదు. ఏదో ఓడ గురించి అంది.

ఆ పేజీలో గాలి పడిపోయి, నడిసముద్రంలో ఓడ నిలిచిపోయి ఉంది. మనవడు దావా కాగితాలని మైనం గుడ్డలో చుట్టి గుండెకి కట్టుకుని, తెరచాప వంకే చూస్తూ కూర్చున్నాడు.