భర్త కుటుంబం కాదన్నారు

బొంబాయి రైలుకు ఇంకా నాలుగు రోజులుందనగా గల్ఫ్ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే శంకర్ నగర్ ఏజెంటు కబురు పెట్టాడు. నేను, మా ఆవిడ, నాలుగేళ్ళ మా పాప వెళ్ళాం. మూడు విమానం టికెట్లు చేతికి వస్తాయనుకున్నాం. బల్ల మీద ఒక్కటే ఉంది.

అవి ఎనభయ్యో దశకం చివరి రోజులు. మా ఆవిడ రాయ్‌పూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నేను అక్కడి పండరీ బజారులో బట్టల హోల్‌సేలు దుకాణంలో తానులు విప్పి చూపించే సేల్స్‌మన్ని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వ్యాగన్ల రిపేరు షాపులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన పోయాక అమ్మ మాతోనే ఉండేది. గల్ఫ్‌లో ఒక ఆసుపత్రికి నర్సులు కావాలని తెలిసి ఆ ఏజెంటు దగ్గరికి వెళ్ళినప్పుడు మా ఆవిడ జీతం సంగతి చివర్న అడిగింది. ముందు అడిగింది ఒకటే: "పాపను వదిలి నేను వెళ్ళను. కుటుంబానికి ఏమేమి ఇస్తారు?"

రెండు గదుల క్వార్టరు, రానూపోనూ టికెట్లు, పిల్లల చదువు, ఇంటిల్లిపాదికీ ఉచిత వైద్యం అని ఏజెంటు గడగడా చెప్పాడు. ఆ మాట నమ్మి నేను పని మానేశాను. దుకాణం సేఠ్ నా స్థానంలో అప్పుడే ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. మా ఆవిడ కూడా రాజీనామా ఇచ్చింది. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తామని ఇంటాయనకు చెప్పేశాం. అమ్మ తన బట్టలు సర్దుకుని మందిర్ హసౌద్‌లో మా అక్క దగ్గరికి చేరింది.

"మిగతా రెండు టికెట్లూ ఏవి?" అని అడిగింది మా ఆవిడ.

ఏజెంటు కటువుగా మాట్లాడే మనిషి కాదు. హిందీలో నెమ్మదిగా చెప్పాడు. "సిస్టర్, అక్కడ ఫ్యామిలీ అంటే బీవీ, బచ్చే. మగాడు ఉద్యోగం చేస్తే పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకుంటాడు. ఆడవాళ్ళకి హాస్టల్లో మంచం ఇస్తారు. మొగుణ్ణి తెచ్చుకునే రూలు లేదు."

"మొదట్లో నేను అడిగింది అదే కదా."

"ముందు మీరు వెళ్ళండి. అక్కడ కాలు పెట్టాక అన్నీ సర్దుకుంటాయి. అందరూ అలాగే వెళ్తున్నారు."

చేతిలో పని లేదు, నెల దాటితే ఇల్లు లేదు. మా ఆవిడ మాత్రం పాపను ఒళ్ళో సర్దుకుని, "ఆ ఆసుపత్రికి ఫోను కలపండి. నర్సుల సూపరింటెండెంటుతో నేనే మాట్లాడతాను" అంది. లైను దొరకదన్నాడు ఏజెంటు. దొరికేదాకా కూర్చుంటానంది. కూర్చుంది కూడా. చివరికి అతనే విసిగి కలిపి ఇచ్చాడు.

అవతల ఎవరో పెద్దావిడ. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. మా ఆవిడ గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు. ఫోను పెట్టేశాక నాకు తెలుగులో చెప్పింది.

"పిల్లకి రూలు ఉందట, భర్తకి లేదట. పిల్లల్ని హాస్టల్లో ఉంచనివ్వరట. మరి నేను డ్యూటీలో ఉంటే పిల్లను ఎవరు చూడాలి, చూసుకునే మనిషిగా తండ్రిని రానివ్వరా అని అడిగాను. ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదట. పైవాళ్ళని కనుక్కుంటాను గానీ మాట ఇవ్వలేనంది."

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని నేనే బయటపడ్డాను. "నువ్వు వెళ్ళు. పాపను నేను చూసుకుంటాను. ఇక్కడ మనకి ఇంకేం మిగిలింది?"

ఆవిడ తినడం ఆపింది. "అక్కడ నాకేదన్నా అయితే? మీరు చూడ్డానికి రావాలన్నా రానివ్వరు. మీరు నాకేమీ కారని రూలు పెట్టుకున్న చోటికి నన్ను పొమ్మంటున్నారా?"

మర్నాడు ఆవిడ పాస్‌పోర్టు వెనక్కి అడగడానికి వెళ్ళాం. అది ఏజెంటు సొరుగులో ఉంది. టికెట్టు కొనేశామనీ, పాస్‌పోర్టు బొంబాయిలోనే చేతికిస్తామనీ అన్నాడు. ఇవ్వకపోతే కదలనని మా ఆవిడ మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నానికి విషయం తెలిసి అమ్మ బస్సెక్కి వచ్చేసింది.

"ఏటైందిరా? కోడల్ని ఒక్కర్తినీ ఎల్లమంటన్నాడేటి?" అంటూ కోడలి పక్కనే కూర్చుంది. అమ్మకు వచ్చింది కూరగాయల బజారు హిందీ. ఆ హిందీలోనే ఏజెంటుతో, "బేటా, బహూ పాస్‌పోర్ట్ దే దో, హమ్ చలే జాయేంగే" అంది, కోడలి పాస్‌పోర్టు ఇచ్చేస్తే వెళ్ళిపోతాం అని. అతను తల తిప్పుకుంటే మళ్ళీ అదే మాట, అదే గొంతుతో.

ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయిలూ వాళ్ళ నాన్నలూ వరండాలో చేరారు. ఏమైందని అడిగిన వాళ్ళకి మా ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆడవాళ్ళకి కుటుంబ సౌకర్యాలు లేవట. మీరూ అడిగి తెలుసుకోండి." ఒకాయన కూతుర్ని లేవదీసుకుని మెట్లు దిగిపోయాడు. అది చూశాక ఏజెంటు సొరుగు తెరిచి, పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి, "ఇక ఈ గుమ్మం తొక్కకండి" అన్నాడు.

బొంబాయి రైలు మేం లేకుండానే వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి రోజులు అంతకంటే గడ్డువి. ఇంటాయన ఇంకో మూడు నెలలు ఉండనిచ్చాడు గానీ, కనిపించినప్పుడల్లా ఎప్పుడు వెళ్తారని అడిగేవాడు. పాత ఆసుపత్రి మా ఆవిణ్ణి తాత్కాలికంగా తీసుకుంది. నేను పండరీలో దుకాణం దుకాణం తిరిగి, గిరాకీ దొరికిన రోజు కమిషన్ మీద బతికాను. మాతో పాటు ఎంపికైన నర్సులు వెళ్ళిపోయారని విన్న రోజు మా ఆవిడ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "నేను మొండికేసి అందర్నీ ఇరికించానా?" అంది. లేదన్నాను. అంత గట్టిగా మాత్రం అనలేకపోయాను.

వానలు పడుతున్న రోజుల్లో ఏజెంటు స్కూటరు మా గుమ్మం ముందు ఆగింది. అతనే తడుస్తూ దిగాడు. ఆ సూపరింటెండెంటు పైవాళ్ళని అడిగి ఒప్పించిందట. పెళ్ళయినవాళ్ళ క్వార్టర్లలో ఒక గది ఇస్తారు. పిల్లకి చదువు, వైద్యం ఉచితం. తండ్రి బిడ్డ సంరక్షకుడిగా రావచ్చు, కానీ ఏ పనీ చేయకూడదు, ఏటేటా అనుమతి తిరగరాయించుకోవాలి.

"ఇదంతా రాతపూర్వకంగా ఉందా?" అంది మా ఆవిడ. టెలెక్స్ కాగితం తీసి ఇచ్చాడు. ఆవిడ మొత్తం చదివింది. "మా ఆయనకి జబ్బు చేస్తే?"

"సొంత ఖర్చే."

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరేమంటారు? అక్కడ మీరు నా పేరు మీద ఉండాలి."

నేను నోరు తెరిచేలోపే, మళ్ళీ మా దగ్గరే ఉంటున్న అమ్మ అందుకుంది. "ఇన్నాళ్ళూ ఆడి పేరు మీద నువ్వుండ్లేదేటి? ఇప్పుడు ఆడుంటాడు."

అలా వెళ్ళాం. మూడేళ్ళున్నాం. వంట, బట్టలు, పాపను బడికి దింపి తీసుకురావడం నా పని. ఒకసారి పన్ను వాచిపోతే, మా ఆవిడ పనిచేసే ఆసుపత్రి ముందు నుంచే నడుచుకుంటూ వెళ్ళి బయట డబ్బిచ్చి పీకించుకున్నాను. ఏటా అనుమతి గడువు దగ్గరపడిన నెలలో ఇద్దరికీ సరిగ్గా అన్నం సహించేది కాదు. కాదంటే ఆ వారంలోనే నేనూ పాపా విమానం ఎక్కాలి.

కానీ కాదనలేదు. ఆ ఫోనులో ఏమడిగావని మిగతా నర్సులు మా ఆవిణ్ణి అడిగి తెలుసుకున్నారు. రెండో ఏడు ఇంకో ఇద్దరు భర్తలు అదే రూలు మీద వచ్చారు. సాయంత్రం బడి గేటు దగ్గర, తల్లుల గుంపుకి కొంచెం ఎడంగా, మేం ముగ్గురు మగాళ్ళం నిలబడి పిల్లల కోసం చూసేవాళ్ళం.