వంటల క్లాసులో బావ గొంతు

నేను టీవీలు బాగుచేసేవాణ్ణి. పోర్ట్‌బ్లెయిర్‌లో, అబర్డీన్ బజార్లో మా నాన్న పెట్టిన చిన్న షాపు నాది. టీవీలో దయ్యం దూరిందని దుప్పట్లో చుట్టి తెచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. దానంతటదే ఆన్ అవుతోందంటారు, ఎవరో మూలుగుతున్నారంటారు. వెనక మూత విప్పితే బల్లి గుడ్లో, తుప్పుపట్టిన తీగో కనబడేది. సముద్రపు గాలికి ఏ మిషనైనా వెర్రిగా ప్రవర్తిస్తుంది. అందుకే ఎవరైనా దయ్యం మాట ఎత్తితే నవ్వేసేవాణ్ణి. ఇది చదివి నమ్మమని నేనెవర్నీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

సునామీ వచ్చిన రోజు మా అక్క నూకరత్నం పోర్ట్‌బ్లెయిర్‌లోనే, డెలానీపూర్‌లో మా ఇంట్లో ఉంది. నా భార్య పురిటికి సాయంగా వచ్చింది. బావ మాత్రం షిప్పులో వెళ్ళాల్సిన ఇంకో దీవిలో, హట్‌బేలో ఉండిపోయాడు. అక్కడ షిప్పులు ఆగే జెట్టీ దగ్గర వాళ్ళకు ఇనపసామాన్ల షాపు, దాని వెనకే ఇల్లు.

షిప్పులో చోటు దొరకగానే నేను వెళ్ళాను. ఇల్లూ లేదు, షాపూ లేదు. గచ్చు మిగిలింది. దాని మీద ఎవరిదో పడవ బోర్లా పడి ఉంది. బావ కోసం క్యాంపులన్నీ తిరిగాను, ఆస్పత్రిలో చూశాను. ఎవరూ చూశామనలేదు. శవమూ దొరకలేదు.

మా పెదనాన్న దినకర్మ చేసేద్దామన్నాడు. అక్క ఒప్పుకోలేదు.

"మనిషిని సూపించండి. అప్పుడు సేద్దాం," అంది. బొట్టు తీయలేదు. అన్నం పెడితే రెండు ముద్దలు కెలికి, కంచం మీద మూత పెట్టి పక్కకి జరిపేసేది. రోజురోజుకీ చిక్కిపోయింది.

పొద్దస్తమానం టీవీ రిమోట్ ఆమె చేతిలోనే ఉండేది. మధ్యాహ్నం సర్కారీ చానెల్లో హిందీలో వంటల పాఠం వచ్చేది. తెల్లకోటు వేసుకున్న ఒక టీచరమ్మ పప్పు ఎంతసేపు నానాలో, కూరలు ఎప్పుడు కడగాలో బడిలో చెప్పినట్టు చెప్పేది. అదే టైముకి ఇంకో చానెల్లో పోలీసు జీపు గస్తీ తిరిగే సీరియల్, పాత ఎపిసోడ్లు. వంటలు అక్కకి ఇష్టం, పోలీసులు బావకి ప్రాణం. హట్‌బే ఇంట్లో ఉన్న ఒక్క టీవీ కోసం ఇద్దరూ కొట్టుకునేవారట. ఇప్పుడు పోటీకి మనిషి లేడు. అయినా అక్క దేన్నీ కుదురుగా చూసేది కాదు. పప్పు నానుతుండగా సైరన్ మోగేది. దొంగ గోడ దూకేలోపు మళ్ళీ పప్పు. వింటుంటే నా భార్యకి తలనొప్పి వచ్చేది.

ఆ నెలల్లో భూమి ఊరికే కంపించేది. బల్ల మీద టీవీ గలగలమనగానే పసివాణ్ణి ఎత్తుకుని మేం వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. అక్క మాత్రం కదిలేది కాదు. బయట నిలబడిన మాకు చానెళ్ళు మారుతున్న చప్పుడు వినబడేది.

ఒకరోజు షాపుకి ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడా, బావ కనబడినాడు రా. జీపు ఎనకాల జనంలో ఉన్నాడు." మర్నాడు పొద్దున్నే ఆ ఎపిసోడ్ మళ్ళీ వేస్తారంటే నేనూ పక్కన కూర్చుని కళ్ళు అప్పగించి చూశాను. గళ్ళ చొక్కా బావదిలాంటిదే. మనిషి వేరు.

"అక్కా, బావ కాదే," అన్నాను.

"నాకు తెల్సు," అని చానెల్ మార్చేసింది.

ఇది జరిగిన కొన్ని వారాలకి ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. నా భార్య పిల్లాణ్ణి తీసుకుని ఫెర్రీలో బాంబూఫ్లాట్ వెళ్ళింది, వాళ్ళ పుట్టింటికి. అక్క వంటింట్లో గిన్నెలు తోముతోంది. ముందుగదిలో వంటల పాఠం నడుస్తోంది. టీచరమ్మ కుక్కర్ మూత పైకెత్తి, రబ్బరు ఎలా శుభ్రం చేయాలో చెబుతోంది. నేను చొక్కా విప్పుతూ అటే చూస్తున్నాను.

టీచరమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. గొంతు మారింది.

"నూకీ, షిప్పు ఎక్కీసినాను. నా కోసం సూడకు. నువ్వు తినీ."

మగగొంతు. తెలుగు, మా శ్రీకాకుళం వాళ్ళ తెలుగు. గరగర లేదు, హోరు లేదు. ఆ వెంటనే టీచరమ్మ గొంతు, కుక్కర్ రబ్బరు.

వంటింట్లో గిన్నె కిందపడింది. అక్క గుమ్మంలోకి వచ్చింది. చేతుల నుంచి సబ్బునురుగు కారుతోంది.

"ఇన్నావా?" అంది.

తలూపాను.

హట్‌బే నుంచి మా ఇంటికి బయల్దేరినప్పుడల్లా బావ జెట్టీ దగ్గరున్న బూత్ నుంచి ఫోన్ చేసేవాడు. చెప్పేవి ఆ ముక్కలే. నూకీ అని పిలిచేది కూడా ఆయనొక్కడే, మాకందరికీ ఆమె రత్నం.

అక్కడితో అయిపోతే ఇద్దరం భ్రమపడ్డామని సరిపెట్టుకునేవాణ్ణి. పక్కింటి రాంచీ దీదీ కిటికీ దగ్గరికొచ్చింది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు.

"భయ్యా, జీజాజీ ఆ గయే క్యా?" అంది నవ్వుముఖంతో. మీ బావగారు వచ్చేశారా అని. "ఉన్‌కీ ఆవాజ్ సునీ మైనే." ఆయన గొంతు విన్నానంటోంది.

అది టీవీ, దీదీ, అన్నాను. ఆమె లోపలికి తొంగి చూసింది. తెరమీద టీచరమ్మ కుక్కర్ తుడుస్తోంది. దీదీ ముఖంలో నవ్వు పోయింది. కిటికీ వదిలి వెళ్ళిపోయింది.

నేను తిరిగి చూసేసరికి అక్క కింద కూర్చుని కంచంలో అన్నం వడ్డించుకుంటోంది. పులుసు పోసుకుని, కలుపుకుని, తలెత్తకుండా తింది. కంచం ఖాళీ చేసింది.

ఆ సాయంత్రమే టీవీ విప్పాను. స్పీకర్ బాగుంది, ట్యూనర్ బాగుంది. ఇంకో చానెల్ మాట ఇందులోకి వచ్చిందేమోనని కేబుల్ అతన్ని అడిగాను. ఆ పక్క నంబర్లలో తెలుగు చానెలే లేదన్నాడు. ఉన్నా, మా అక్కని నూకీ అని పిలిచే చానెల్ ఏముంటుంది? ఆ పాఠాన్ని మళ్ళీ వేసినప్పుడు చెవులు రిక్కించి విన్నాను. మొదట్నుంచి చివరిదాకా టీచరమ్మ గొంతే.

అక్క తనే వెళ్ళి పెదనాన్నతో, "కర్మ సేసీండి," అని చెప్పింది. సునామీ తర్వాత ఆమె సముద్రంలో అడుగుపెట్టింది ఆ కర్మ జరిగిన రోజే. తర్వాత బాంబూఫ్లాట్‌లో చిన్న మెస్సు పెట్టుకుంది. ఇప్పుడామె టీవీ చూడదు, తీరికా లేదు.

కొన్నేళ్ళ తర్వాత ఫెర్రీలో పక్కపక్కన కూర్చున్నప్పుడు అడిగాను.

"అక్కా, ఆ రోజు మనం నిజంగా విన్నామంటావా?"

"నువ్వు ఇన్నావు కదరా, నన్నెందుకు అడగతావు?" అంది. ఒడ్డు రాగానే కూరగాయల సంచీ నా చేతికిచ్చి ముందు దిగిపోయింది.

ఆమెకి నెమ్మది దొరికింది. నాకు దొరకలేదు. ఏ తీగలో, ఏ దారిన ఆ గొంతు వచ్చిందో ఇన్నేళ్ళయినా చెప్పలేను. షిప్పు ఎక్కీసినాను అన్నాడు సరే, ఏ షిప్పు? అక్క ఆ మాట ఎప్పుడూ అడగలేదు. నేను మాత్రం హట్‌బే షిప్పు వచ్చే రోజున పని ఆపి మా ఊరి జెట్టీకి వెళ్తాను. ఆఖరి మనిషి దిగేదాకా నిలబడతాను.