మూడో సిలిండర్

మా బాపు చెవి మీద ఊరందరికీ నమ్మకం. ఖానాపూర్ చుట్టుపక్కల ట్రాక్టర్ దగ్గినా, బోరు మోటారు మూలిగినా ముందు ఆయన్నే పిలిచేవాళ్లు, మెకానిక్‌ను ఆ తర్వాత. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు అదిమి కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి ఒక్క మాట చెప్పేవాడు. ఆ మాట తప్పయిన రోజు నాకు గుర్తు లేదు. అంటే, ఈమధ్య మక్కజొన్న కోతల దాకా.

నేను కరీంనగర్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ధ్వని తరంగాలు ఎక్కడ పుట్టి ఎలా ప్రయాణిస్తాయో బోర్డు మీద గీసి చూపిస్తాను. అవి మా బాపు చెవి దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతున్నాయని గమనించింది మాత్రం నేను కాదు, అవ్వ, అంటే మా అమ్మ.

"నీతోటి ఫోన్ల మాట్లాడి పెట్టేసినంక, బిడ్డ ఏమన్నదని నన్ను అడుగుతుండు" అన్నది ఒకరోజు. "నువ్వేమన్నవో నాకేం ఎరుక? ఏదో ఒకటి చెప్తున్న."

అంటే ఏడాదిగా నేను బాపుకు చెప్పిన కబుర్లలో సగం అవ్వ కల్పించినవే. నాకంటే బాగానే చెప్పి ఉంటుంది.

డాక్టర్ దగ్గరికి పోదామంటే, "నా చెవికేమైంది? మీరే నోట్లె మాట్లాడుతున్నరు" అనేవాడు. నేను పట్టుబట్టలేదు. చెవి పోయిందని ఒప్పుకున్నాక ఆయన దగ్గర ఇంకేం మిగులుతుందో నాకు తెలియలేదు.

ఆ కోతలప్పుడు సెలవులకు ఇంటికి వెళ్లేసరికి మా పికప్ బండి నిలబడ్డ చోటే వణుకుతోంది. పాత డీజిల్ బండి. వయసులో నాకంటే కొంచెం చిన్నది, నాకంటే చాలా ఎక్కువ బరువు మోసింది. వెనక తెల్ల పొగ. వాకిట్లో మక్కల సంచులు మార్కెట్‌కు పోవడానికి ఎదురుచూస్తున్నాయి. నన్ను పక్కన ఎక్కించుకుని బాపే నడుపుకుంటూ ఖానాపూర్ షెడ్డుకు తీసుకొచ్చాడు. ఆ స్టీరింగ్ ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు. నేనూ కారు నడుపుతానని గుర్తు చేస్తే, "కారు బండెట్లయితది బిడ్డా? అది కుర్చీ" అనేవాడు.

షెడ్డు మెకానిక్ నాకంటే చిన్నవాడు. సగం పని బాపును చూసే నేర్చుకున్నాడు. బోనెట్ ఎత్తి ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాడు.

"నాడి వడుతున్నవా? సూది గూడ ఏస్తవా?" అన్నాడు బాపు. చేత్తో పట్టి చూడటం ఆయన లెక్కలో పని రానివాళ్ల పద్ధతి.

"నీ అసొంటి చెవి నాకేడిది కాకా. నువ్వే ఇను" అన్నాడు మెకానిక్.

నాలుగు సిలిండర్ల ఇంజన్. అందులో ఒకటి పని చేయడం లేదు. ఏదో తేల్చడానికి ఒక పాత పద్ధతి ఉంది. ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్‌కు వెళ్లే డీజిల్ పైపు నట్టును కొంచెం వదులు చేస్తారు. దాంతో ఆ సిలిండర్‌కు డీజిల్ అందదు. అది మంచిదైతే ఇంజన్ కుంటుతుంది. పాడైనదైతే ఏ తేడా రాదు, ఎలాగూ పని చేయనిది సెలవు పెట్టినా తెలియదు కాబట్టి. ఈ పరీక్ష మా కాలేజీలో కూడా పెట్టి చూడవచ్చని నాకు చాలాసార్లు అనిపించింది.

మెకానిక్ పానా అందుకున్నాడు. బాపు స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. మొదటి నట్టు వదులు చేస్తే ఇంజన్ కుంటింది. రెండోదానికి ఏమీ మారలేదు. మూడోదానికి ఆగిపోయేంత పని చేసింది. నాలుగోదానికి మళ్లీ కుంటింది. ఇంజన్ల గురించి నాకు తెలిసింది పుస్తకాల్లోదే, అయినా నాకు కూడా అర్థమైపోయింది.

బాపు కళ్లు తెరిచాడు. "మూడోది" అన్నాడు.

మెకానిక్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. నేల మీద డీజిల్ మరకలు తప్ప ఏమీ లేవు.

"ఇంకోపారి ఇందామా కాకా?" గట్టిగా అడిగాడు మెకానిక్.

"ఎందుకు? నీకు ఇనవడలే?"

"ఇనవడ్డది" అన్నాడు పానా కింద పెడుతూ. "మూడోదే."

బాపును చాయ్ తాగి రమ్మని రోడ్డు అవతలికి పంపాడు. ఆయన రోడ్డు దాటేదాకా ఆగి, "అక్కా, రెండోది గదా?" అన్నాడు.

"రెండోదే. దాన్నే బాగు చెయ్యి. మూడోదని చెప్పు."

"కాకకు అబద్ధం చెప్పుడా?"

"మెల్లగ చెప్పు. ఇనవడది."

అతను నవ్వలేదు. నేను వేసిన జోకుల్లో వెనక్కి తీసుకోవాలనిపించేది అదొక్కటే.

రెండో ఇంజెక్టర్ ఊడదీసి, డీజిల్ చిమ్మే నాజిల్ మార్చి, కింద కొత్త రాగి వాషర్ వేసి బిగించాడు. వణుకు తగ్గింది. పొగ తగ్గింది. బాపు వచ్చి తల వాల్చి విన్నాడు.

"నే చెప్పలే?" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖం తేటగా కనిపించింది.

తీసేసిన పాత సామాను బండి యజమాని చేతిలో పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. మెకానిక్ పాత నాజిల్‌ను పేపర్లో చుట్టి ఇచ్చాడు. బాపుకు ఇంకో అలవాటు ఉంది. సామాను చూశాక అది ఊడి వచ్చిన చోటు కూడా చూస్తాడు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరమూ మరిచిపోయాం.

మూడో ఇంజెక్టర్ మొదలు దగ్గర ఏళ్లనాటి మడ్డి పేరుకుని ఉంది, ఎవరూ ముట్టుకోనట్టు. బాపు దాని మీద వేలు పెట్టాడు. వేలు నల్లబడింది. పక్కన రెండోది తుడిచినట్టు శుభ్రంగా మెరుస్తోంది. ఆయన చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలతో వేలు తుడుచుకుని, ఎప్పుడూ దబ్బున వేసే బోనెట్‌ను నెమ్మదిగా దించాడు.

"మంచిగ చేసినవ్ తమ్మి" అన్నాడు.

మెకానిక్ పానాలు సర్దుకోసాగాడు. అవి సర్దే ఉన్నాయి.

బాపు బండికి ఎడమవైపు నడిచాడు. తాళం చెవి నా చేతిలో పెట్టాడు. "కుర్చీ నడుపుతవు గదా. ఇది గూడ నడుపు."

ఊరి దారి పట్టాం. ఆ బండిలో ఆయన పక్కసీట్లో కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. పేపరు పొట్లం ఒళ్లో పెట్టుకుని, అరచెయ్యి చాచి డాష్‌బోర్డు మీద ఆనించాడు.

"ఎట్ల నడుస్తుంది?" అని అడిగాడు. ఒక ఇంజన్ గురించి ఆయన ఇంకొకరిని అడగడం నేనెప్పుడూ వినలేదు.

"మంచిగ నడుస్తుంది బాపు."

ఆయన ఇంకా నా పెదాల వైపే చూస్తున్నాడు. మళ్లీ చెప్పాను, బస్టాపులో నిలబడ్డవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.

తల ఊపాడు. "నాగ్గూడ గట్లనే ఇనవడుతుంది" అన్నాడు, అరచెయ్యి తీయకుండానే.