ఎక్కిచూద్దాం గారి నిలుపుడు పరీక్ష

తను ఎక్కి చూడందే ఆయన ఏ బండికీ రేటు కట్టరు. ఆయన గురించి చెప్పాలంటే ముందు ఇదే చెప్పాలి, తర్వాత కూడా ఇదే చెప్పాలి. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆఫీసు రిజిస్టర్లో ఎక్కడో ఉండే ఉంటుంది గానీ, గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి మూడో అంతస్తులో పెద్ద సారు దాకా అందరికీ ఆయన ఎక్కిచూద్దాం గారే.

బరువు బళ్ళ రుసుముల విభాగానికి ఆయన సూపరింటెండెంటు. లారీలు, ట్యాంకర్లు, క్రేన్లు, ట్రైలర్లు, వీటి రిజిస్ట్రేషనుకి ఎంత, పర్మిటుకి ఎంత అని ఐదేళ్ళకోసారి కొత్త పట్టిక తయారుచేయాలి. ఇంకెవరైనా అయితే పాత పట్టిక ముందు పెట్టుకుని, ప్రతి అంకెకీ కాస్త కలిపి, మధ్యాహ్నానికల్లా సంతకం కొట్టి ఇంటికి పోయేవారు. ఈయన ఫైలు మూసి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని లేచేవారు.

"ఎక్కి చూద్దాం."

కాంక్రీటు కలిపే బండి వచ్చిన రోజు కేబిన్ ఎక్కి ఊరుకోలేదు, వెనకున్న పెద్ద డ్రమ్ములో కూడా దూరారు. ఆ సంగతి తెలియని డ్రైవరు తాళం తిప్పబోతుండగా లోపల్నుంచి ఎవరో పాట పాడుతున్నట్టు వినిపించింది. పాపం, అతను బండి దిగి రెండు ఫర్లాంగులు పరుగెత్తాడు. "గొంతు ఎంత బాగా మోగుతోందయ్యా లోపల!" అంటూ ఎక్కిచూద్దాం గారు బూడిద రంగులో బయటికొచ్చారు.

క్రేను సంగతి ఇంకా ఘోరం. కొక్కేనికి వేలాడే తొట్టెలో నిలబడి "లేపు బాబూ" అన్నారు. క్రేను డ్రైవరు లేపాడు. సరిగ్గా మూడో అంతస్తు ఎదుట తొట్టె ఆగిపోయింది. లోపల పెద్ద సారు ఎవరితోనో గంభీరంగా మాట్లాడుతున్నారు. కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడైతే తల తిప్పి చూశారు.

"నమస్కారం సార్," అన్నారు ఎక్కిచూద్దాం గారు, గాలిలో అటూ ఇటూ ఊగుతూ. "నా సెలవు చీటీ మీద మీరింకా సంతకం పెట్టలేదు. ఇలా అందిస్తారా?"

ఆయన భార్యని అడిగితే ఇంకో పుస్తకం అవుతుంది. ఓసారి బీరువా కొనడానికి వెళితే, అందులోకి దూరి తలుపు వేసుకున్నారట. ఆ సంగతి తెలియక కొట్టువాడు కొట్టుకి తాళం వేసి భోజనానికి పోయాడు. "పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయింది," అంటుంది ఆవిడ. "మా ఇంట్లో ఆయన ఎక్కనిది ఫ్రిజ్ ఒక్కటే. అది కూడా నిచ్చెన నేను దాచేశాను కాబట్టి."

అలాంటి మనిషి దగ్గరికి రికార్డుల గదినుంచి బదిలీ అయి వచ్చింది స్కేలమ్మ. ఆవిడకా పేరు ఊరికే రాలేదు. ఏ కాగితం మీదైనా స్కేలు లేకుండా గీత గీయదు. మాటలు కూడా గీత గీసినట్టే ఉంటాయి. ఇద్దరు పిల్లల తల్లి. ఇంట్లో హోంవర్కులకి కూడా గడువు తేదీ వేసి సంతకం పెడుతుంది. పది నెలలుగా నానుతున్న కొత్త పట్టికని ఈవిడైనా ఒడ్డున పడేస్తుందని పెద్ద సారు ఆశ.

మొదటి వారంలోనే స్కేలమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది.

"సార్, శుక్రవారానికి పట్టిక ఇవ్వాలి. ఒక్క గడి ఖాళీగా ఉండిపోయింది."

"ఏది?"

"పద్దెనిమిది చక్రాల ట్రైలరండీ."

"దాన్ని ఇంకా ఎక్కలేదు కదమ్మా."

"పాత పట్టికలో అంకె ఉంది సార్. దానికి పదో వంతు కలిపితే సరిపోతుంది."

"ఆ అంకె ఎవరు వేశారు?"

"మీకు ముందున్న సూపరింటెండెంటుగారు."

"ఆయన ట్రైలరు ఎక్కారా?"

"ఆయనకి మోకాళ్ళ నొప్పులటండీ. ఆఫీసు మెట్లే ఎక్కలేకపోయేవారట."

"చూశావా మరి!" అని ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

స్కేలమ్మ ఆ గడికేసి చూసింది. నోట్లో ఒక పన్ను ఊడినట్టు అనిపించింది ఆవిడకి.

మంగళవారం ఫిర్యాదొకటి వచ్చింది. రాసినవాడు అరవై బళ్ళున్న ఓనరు. 'పరీక్ష పేరుతో మీ సూపరింటెండెంటు నా లారీలనీ ట్యాంకర్లనీ గంటలకొద్దీ రోడ్డు పక్కన ఆపేస్తున్నారు. ఇది ఏ రూలు కింద చేస్తున్నారో తెలియజేయగలరు.' కింద మూడు సంతకాలు, మూడూ అతనివే. అంత కోపంలో ఉన్నాడు.

పెద్ద సారు స్కేలమ్మని పిలిపించారు.

"రేపు ట్రైలరు ఎక్కుతున్నాడట కదా. నువ్వూ వెళ్ళమ్మా. ఈ మనిషి రోడ్డు మీద ఏం చేస్తున్నాడో నీ కళ్ళతో చూసి, శుక్రవారం అందరి ముందూ చెప్పు. షికార్లే అని తేలితే పాత నంబరు ప్లేట్ల గోడౌనుకి పంపేస్తాను. అక్కడ ఎక్కడానికి స్టూలు కూడా లేదు."

"ఉన్నదున్నట్టు చెప్తానండీ," అంది స్కేలమ్మ. ఆవిడకి ఇంకోలా చెప్పడం రాదు.

బుధవారం పొద్దున్నే ఇనప గొట్టాలు నింపుకున్న ట్రైలరు ఆఫీసు ముందు ఆగింది. తల ఇక్కడుంటే తోక పక్క వీధిలో ఉంది. అదీ ఆ ఓనరు బండే. కేబిన్‌లోకి నాలుగు మెట్లు, ఒక్కొక్కటీ నడుమెత్తు. ఎక్కేటప్పుడు స్కేలమ్మ చెప్పు ఒకటి కిందపడితే, దిగి తీసి ఇచ్చి, మళ్ళీ ఎక్కారు ఎక్కిచూద్దాం గారు. రెండోసారి ఎక్కే అవకాశం దొరికినందుకు మొహం వెలిగిపోతోంది.

బండి ఊరు దాటింది. ఆయన చిన్నపిల్లాడిలా అన్నీ ముట్టుకుంటున్నారు. హారను కొట్టారు. కిటికీ దించారు, ఎత్తారు, మళ్ళీ దించారు.

"తమ్ముడూ, ఇప్పటిదాకా గేరు ఎన్నిసార్లు మార్చావు?"

"నేనెక్కడ లెక్కపెట్టాను సార్," అన్నాడు డ్రైవరు. నలభై ఏళ్ళుంటాయి. కళ్ళు నిప్పుకణికల్లా ఉన్నాయి.

"నేను పెట్టాను. నూట పన్నెండు. ఈ బండి మీద ఎప్పుడు బయల్దేరావు?"

"నిన్న పొద్దున సార్."

"ఎక్కడ పడుకున్నావు?"

డ్రైవరు నవ్వాడు. "పడుకోవడం కూడానా! బండి ఎక్కడుందో ఓనరుగారి ఫోనులో చుక్క కనిపిస్తుంది సార్. చుక్క ఆగిందంటే నా ఫోను మోగుతుంది. టీ తాగాలన్నా చుక్కని అడిగి తాగాలి."

స్కేలమ్మ పుస్తకం తీసి 'షికారు: హారను, కిటికీ' అని రాసి, కింద స్కేలు పెట్టి గీత గీస్తోంది. గీత వంకరపోయింది. స్కేలు పెట్టి గీసిన గీత వంకరపోవడమేమిటని తలెత్తి చూస్తే, బండి మెల్లగా, ఎవరో జోకొడుతున్నట్టు, రోడ్డు అంచుకి జరుగుతోంది. ఆవిడ డ్రైవరుకేసి తిరిగేసరికి అతని కళ్ళు మూతపడి ఉన్నాయి. ఎక్కిచూద్దాం గారి చెయ్యి అప్పటికే స్టీరింగు మీద ఉంది. బండి దారిలోకి వచ్చింది. డ్రైవరు ఉలిక్కిపడి కళ్ళు నులుముకున్నాడు.

ఆయన గొంతులో మాత్రం తొణుకూ లేదు, బెణుకూ లేదు. "తమ్ముడూ, ఆ చెట్ల దగ్గర పక్కకి తీసి ఆపు. నిలుపుడు పరీక్ష చేయాలి."

"అదేం పరీక్ష సార్?"

"నడిచినప్పుడు బండి ఎలా ఉంటుందో చూశాం. నిలబడ్డప్పుడు ఎలా ఉంటుందో చూడొద్దూ? రెండు గంటలు. ఇంజిన్ ఆపాలి. డ్రైవరు సీటు వెనక బల్ల మీద పడుకోవాలి. కదలకూడదు. కదిలావంటే లెక్క తప్పుతుంది, మళ్ళీ మొదట్నించీ చేయాలి."

"ఓనరుగారు..."

"ఆయన సంగతి నాకొదిలెయ్. ఫోను ఇలా ఇయ్యి. ఇది ప్రభుత్వ పరీక్ష."

స్కేలమ్మ ఇక ఆగలేకపోయింది. "సార్, నిలుపుడు పరీక్ష ఏ రూలు కిందండీ? పుస్తకం మొత్తం నాకు కంఠతా..."

"ష్! గట్టిగా మాట్లాడితే బండి అదురుతుందమ్మా."

నిమిషం గడవలేదు, వెనక బల్ల మీద గురక మొదలైంది. గురకంటే అలాంటిలాంటిది కాదు, పక్కనున్న చెట్టు మీద పిట్టలు లేచిపోయాయి. అంతలో ఫోను మోగనే మోగింది.

"ఆఁ, నేనేనండీ. నిలుపుడు పరీక్ష జరుగుతోంది... లేదండీ, డ్రైవరు మాట్లాడడానికి వీల్లేదు, ఆయన పరీక్షలో ఉన్నారు... ఆ చప్పుడా? అదేనండీ మరి, యంత్రం చక్కగా పనిచేస్తోంది. మీ బండి అదృష్టం."

ఇద్దరూ దిగి ట్రైలరు నీడలో కూర్చున్నారు. స్కేలమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఎన్నాళ్ళనుంచి చేస్తున్నారండీ ఇది?"

ఆయన గడ్డిపరక ఒకటి తుంచారు. "మొదటిసారి లారీ ఎక్కినప్పుడు మలుపులో డ్రైవరు కళ్ళు మూతపడ్డాయి. తిన్నగా జొన్నచేలోకి పోయాం. మాకేం కాలేదు, పోయింది జొన్నే. అప్పుడు తెలిసింది. పడుకోవయ్యా అంటే వీళ్ళు పడుకోరమ్మా, ఓనరంటే భయం. పరీక్ష అంటే పడుకుంటారు. ప్రభుత్వమంటే ఇంకాస్త భయం కదా!"

"అందుకేనా పది నెలలైనా పట్టిక తేల్చలేదు?"

"తేలిపోతే ఇంకే సాకుతో ఎక్కను?"

స్కేలమ్మ పుస్తకం తెరిచి 'షికారు' అన్న మాటని స్కేలు పెట్టి కొట్టేసింది. తర్వాత అడిగింది. "మరి ఆ కాంక్రీటు డ్రమ్ములో దూరింది? క్రేను తొట్టె ఎక్కింది?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అవి... సరదాకమ్మా."

రెండు గంటలయ్యాక డ్రైవరు ఆవలిస్తూ దిగాడు. "పరీక్ష పాసయ్యానా సార్?"

"నువ్వు ఫస్టు క్లాసు. బండే కాస్త తడబడింది. వచ్చే వారం ఇంకోసారి తీసుకురా."

ఆ రెండు రోజులూ స్కేలమ్మకి అన్నం సయించలేదు. ఉన్నదున్నట్టు చెబితే ఆయన గోడౌను పాలవుతారు. లేనిది చెప్పడం పుట్టాక నేర్చుకోలేదు. గురువారం పిల్లాడు హోంవర్కు చేయలేదని కడుపునొప్పి సాకు చెబితే, కొట్టడానికి బదులు "ఎలా తడుతుందిరా నీకు?" అని శ్రద్ధగా అడిగింది.

శుక్రవారం పెద్ద సారు గదిలో ఓనరు ముందే వచ్చి కూర్చున్నాడు. ఎక్కిచూద్దాం గారు కుర్చీ అంచున కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి ఆయన దేన్నీ ఎక్కాలనుకోలేదు.

"నిలుపుడు పరీక్ష అంటే ఏమిటి?" అన్నారు పెద్ద సారు. "రూలు ఎక్కడుంది?"

ఎక్కిచూద్దాం గారు లేచి నిలబడ్డారు. "అదండీ... బండి... నిలబడ్డప్పుడు..."

"నేను చెప్తానండీ," అంటూ స్కేలమ్మ లేచి పట్టిక బల్ల మీద పరిచింది. చివరి గడి నిండి ఉంది. దాని కింద స్కేలు పెట్టి గీసిన కొత్త గీత, గీత కింద కొత్త వాక్యం. "రోడ్డు పాడయ్యేది దేనివల్ల సార్? వేడెక్కిన టైర్లవల్ల. పద్దెనిమిది టైర్లు ఆగకుండా పరుగెడితే రోడ్డుని నమిలేస్తాయి. కాసేపు నిలిపితే చల్లబడతాయి. సూపరింటెండెంటుగారు పది నెలలుగా పరీక్షిస్తున్నది అదే."

రోడ్డు మరమ్మతు అనే మాట వింటేనే పెద్ద సారుకి రక్తపోటు పెరుగుతుందని ఆఫీసంతటికీ తెలుసు. ఆయన కాగితం దగ్గరికి లాక్కుని పైకి చదివారు. "ఎనిమిది గంటల ప్రయాణానికి నాలుగు గంటల చొప్పున ఇంజిన్ ఆపి నిలిపే బళ్ళకి పర్మిటు రుసుములో ఐదో వంతు తగ్గింపు. ఆ సమయంలో డ్రైవరు వెనక బల్ల మీద పడుకుని ఉండవలెను." ఆగారు. "డ్రైవరు ఎందుకమ్మా పడుకోవడం?"

"కూర్చుంటే బరువు ముందు టైర్ల మీద పడుతుందండీ."

"డ్రైవరు ఎంత బరువుంటాడు?"

"డెబ్భై కిలోలు ఉంటాడేమో సార్."

"బండి?"

"నలభై టన్నులండీ."

పెద్ద సారు కళ్ళజోడు మీదుగా స్కేలమ్మని చూశారు. ఎక్కిచూద్దాం గారిని చూశారు. మళ్ళీ స్కేలమ్మని చూశారు. ఆవిడ పట్టిక అంచుని స్కేలుతో సరిచేసింది.

"డెబ్భై కిలోలంటే మరీ తక్కువేం కాదులే," అని సంతకం పెట్టేశారు.

"ఇదెక్కడి న్యాయమండీ!" అని లేచాడు ఓనరు. "నాలుగేసి గంటలు బళ్ళు ఆపుకుని కూర్చుంటే..." అంటూనే ఐదో వంతు అన్న మాట చెవికెక్కి ఆగిపోయాడు. పెదాలు కదిలాయి. అరవై బళ్ళు, అరవై పర్మిట్లు. మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. "నాలుగు గంటల్లో టైరు చల్లబడుతుందంటారా? నాకెందుకో ఐదు పడుతుందనిపిస్తోంది."

ఇద్దరూ బయట వరండాలోకి వచ్చారు. మెట్ల దగ్గర ఎక్కిచూద్దాం గారు గొంతు తగ్గించి అడిగారు.

"నేను చేసేది రెండు గంటలే కదమ్మా. నువ్వు నాలుగెందుకు వేశావు?"

"మొన్న రెండు గంటలయ్యాక లేచినప్పుడు ఆ డ్రైవరు ఇంకా ఆవలిస్తూనే ఉన్నాడండీ."

ఆయన అక్కడే ఆగి, గడ్డం గోక్కుంటూ కాస్త ఆలోచించారు.

"అయితే ఆరు వేయాల్సింది," అన్నారు.