మోగని కిటికీ, మోగిన గంట

ఫోన్లకు బొత్తాలుండే ఆ రోజుల్లో, ఇంట్లో ఎవరైనా చెప్పిన పని మరిచిపోతే దానికి రెండే పేర్లుండేవి. మగపిల్లాడైతే అల్లరి, ఆడపిల్లయితే పొగరు. మూడో పేరు ఒకటుందని మా ఊరు జువ్వలదిన్నెలో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో నన్ను బొంగరం అనేవాళ్ళు. కూర్చుని అన్నం తిన్న పాపాన పోయేదాన్ని కాదు. ఇరవై రెండేళ్ళకు బోగోలులో ఒక చిన్న బడిలో టీచరుగా చేరి, రెండు నెలల్లో మూడు గొడుగులు పోగొట్టాను (ఆ రెండు నెలల్లో వాన పడింది రెండు రోజులే). అలాంటిదాన్ని పట్టుకుని, గొంతు పెద్దదన్న ఒక్క కారణానికి, మా అయ్యగారు (పాస్టరుగారిని మేమలాగే పిలుస్తాం) ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదివే పని అప్పగించారు.

మా చర్చి సంఘంలో పెళ్ళి జరగాలంటే ముందు మూడు ఆదివారాలు వరుసగా, అందరి ఎదుటా, ఫలానా వాళ్ళకు పెళ్ళి నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయండి అని చదవాలి. ఒక్క వారం తప్పినా అయ్యగారు పెళ్ళి చేయరు. మా అక్క పెళ్ళి బుధవారం. రెండు వారాలు నేనే చదివాను, రెండోవారం గొంతు కాస్త వణికించి మరీ. మూడోది మిగిలింది.

ఆ ఆదివారం నేను కూర్చున్న చోటి పక్క కిటికీ రెక్క సముద్రపు గాలికి టకటకమంటోంది. ప్రసంగం నడుస్తోంది, అందరూ వింటున్నారు, నాకు మాత్రం ఆ టకటక తప్ప ఇంకేమీ వినపడటం లేదు. దాన్ని పట్టించుకోకూడదు అనుకున్న కొద్దీ అది నా పుర్రెలోనే కొట్టుకుంటున్నట్టుంది. చేతికి దొరికిన కాగితం నాలుగు మడతలు పెట్టి సందులో దోపాను. కిటికీ నోరు మూసుకుంది! అంత హాయి నా జీవితంలో ఎరగను. తర్వాత లేచి, స్త్రీల కూటం ఎప్పుడో, పాటల అభ్యాసం ఎప్పుడో ఖణీమని చదివేసి కూర్చున్నాను. ముందు వరసలోంచి అక్క నా వైపు కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. బాగా చదివానని కాబోలు, నేనూ నవ్వాను. ఆశీర్వాదం అయిపోయింది, జనం చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

"నా ప్రకటన యాడే?" అంది అక్క మెట్ల మీద నన్ను పట్టుకుని.

"చదివినా గదా!"

"అది పోయిన వారం."

అయ్యగారు అప్పటికే బండి స్టార్టు చేస్తున్నారు, పన్నెండింటికి పక్క ఊళ్ళో ఇంకో ఆరాధన. మా నాయన బండికి అడ్డం నిలబడ్డాడు. "కాగితం తేండి, సంఘాన్ని తేండి, ఇప్పుడే చదువుతా. రెండూ ఉండాల. లేకపోతే నా వల్ల కాదు," అన్నారు అయ్యగారు. ఆ ప్రకటన కాగితం మీద పెళ్ళికొడుకు తరఫు సంఘంవాళ్ళ సంతకముంది. బైబిల్లో వెతికాం, పాటల పుస్తకంలో వెతికాం, నా సంచీ నేలమీద గుమ్మరించాం. అక్క పెదవి బిగపట్టుకుని నిలబడింది. ఎప్పుడూ ఆ కిటికీ పక్కనే కునికే మా నాయన ఉన్నట్టుండి అన్నాడు: "ఈ కిటికీ ఇయ్యాల మోగలేదే?"

కాగితం దొరికింది. ఇక సంఘం కావాలి. ఇల్లిల్లూ తిరిగితే అయ్యగారు ఆగరు. నేను ఒక్క పరుగున వెళ్ళి చర్చి గంట తాడు అందుకుని బలంకొద్దీ లాగాను. మా ఊళ్ళో వేళకాని వేళ గంట మోగితే ఎవరో పోయారని అర్థం. అది నాకు తెలియక కాదు, పుట్టినప్పటి నుంచీ తెలుసు. పదోసారి లాగాక గుర్తొచ్చింది.

ఊరు ఊరంతా వచ్చేసింది. వలలు బాగుచేసేవాళ్ళు వలలొదిలి వచ్చారు. మెళ్ళో టేపుతో టైలరు భాయి వచ్చాడు. మా మేనత్తయితే ఎవరు పోయారో అడక్కుండానే వీధి మలుపులోనే ఏడుపు అందుకుంది. "ఎవురమ్మా పోయింది?" అని అందరూ నన్నే అడుగుతుంటే, "ఎవరూ పోలేదు, అక్క పెళ్ళి," అన్నాను. అయ్యగారు పళ్ళు బిగించి కాగితం చదివారు. వెనక కిటికీ టకటకమంటూనే ఉంది. "ఎవరికైనా అభ్యంతరముంటే..." అనగానే ఒక ముసలమ్మ లేచింది. "పెళ్ళికూతురి మీద ఏమీ లేదయ్యా. ఈ గంట కొట్టిన పిల్ల మీద చానా ఉండాది."

అందరూ నవ్వారు. బుధవారం పెళ్ళీ జరిగింది. కానీ ఆ ఉదయం పూలు పెట్టించుకుంటూ అక్క నా మొహం చూడకుండా అంది: "నేనంటే నీకు లెక్కలేదే. ఉంటే నా కాగితం గుర్తుండేది." ఆ తర్వాత ఇన్నేళ్ళూ చుట్టాలు కలిసినప్పుడల్లా ఈ కథ చెప్పుకుని నవ్వేవాళ్ళం. చివర అక్క ఆ మాట అనేది, నేను లేచి మంచినీళ్ళకు వెళ్ళేదాన్ని. ఎందుకంటే అది నిజమేమోనని నాకూ భయం.

మొన్నామధ్య మా పాపను (ఎనిమిదేళ్ళు, రెండో బొంగరం) నెల్లూరులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పిల్ల తెలివైందే కానీ కుదురుగా కూర్చోదని బళ్ళో చెప్పారు. బయట ఒక ప్రశ్నల కాగితం ఇచ్చి నింపమన్నారు. లోపలికి వెళ్ళాక డాక్టరమ్మ, "కాగితం ఏదమ్మా?" అంది. నేను సంచీ వెతుకుతుంటే పాప చెప్పేసింది: "మా అమ్మ టేబులు కాలి కింద పెట్టింది. అది ఊగతా ఉంటే."

డాక్టరమ్మ నవ్వలేదు. పెన్ను కింద పెట్టి, "మీ చిన్నతనం గురించి కొంచెం చెప్పండి," అంది. చెప్పాను, గొడుగులతో సహా. నాలుగైదుసార్లు పిలిపించి, మా నాయనతో కూడా మాట్లాడి, ఇద్దరికీ ఒకటే పేరు చెప్పింది, ఏడీహెచ్‌డీ అని, అంటే ధ్యాస ఒకచోట నిలవకపోవడమట. "చిన్నప్పుడే మొదలవుతుంది, చాలామందికి పెద్దయినా పోదు. అప్పుడు కాళ్ళు పరిగెత్తవు, బుర్ర పరిగెత్తుతుంది," అంది. పాప సంగతి, మందుల సంగతి అన్నీ అడిగాక, ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నది అడిగాను: "ప్రాణంగా చూసుకునేవాళ్ళ పని కూడా మరిచిపోతారా?"

"వాళ్ళది కూడా మరిచిపోతారమ్మా. ప్రేమకూ దీనికీ సంబంధం లేదు."

అక్కడే ఏడ్చాను, పాప కంగారుపడింది. ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. విని అక్క, "సరేలే మే," అని పెట్టేసింది.

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు ఆదివారం ఆరాధనకు వెళ్ళాం. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే అక్క వచ్చి నా పక్కన, ఆ కిటికీ దగ్గర కూర్చుంది. గాలి లేచింది, రెక్క టకటకమంది. నా చెయ్యి అప్పుడే దేనికోసమో వెతుకుతోంది. అక్క సంచీలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టి, చెవిలో చెప్పింది: "దోపు. దీంట్లో ఏమీ రాయలా."

కిటికీ ఊరుకుంది. గంట తాడు పట్టుకుని ఊగిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్లను తలుచుకుని నవ్వుకుంటూ కూర్చున్నాను. ప్రసంగం ఎప్పుడయిపోయిందో, అదేంటో, నన్నడగొద్దు.