రౌడీ వచ్చాడు, లేవండి

మొన్న సాయంత్రం మా కోడలు టీవీలో బెజవాడ రౌడీల సీరియల్ చూస్తూ, "మావయ్యగారూ, ఎంత సహజంగా తీశారో చూడండి. మీరు చదువుకున్న రోజుల్లో అక్కడ ఇలాగే ఉండేదాండీ?" అని అడిగింది. తెర మీద ఒక గడ్డపాయన జీపెక్కి నిలబడి, పేట పేటంతటికీ వినపడేలా తనెవరో చెప్పుకుంటున్నాడు. అంత అరిచి చెప్పుకోవలసి వచ్చిందంటే ఆ పేటకి కొత్తగా దిగినవాడై ఉంటాడనుకున్నాను గానీ పైకి అనలేదు. కోడలిచ్చిన కాఫీ ఇంకా సగం మిగిలే ఉంది.

ఈ విషయంలో మా ఇంటికి కొంచెం అధికారం ఉంది. డెబ్భైలలో తిరువూరులో బెజవాడ రౌడీల మీద నాటకం వేసింది మా బాబాయి. రాసిందీ, ఆడించిందీ, రౌడీ వేషం కట్టిందీ, తాతయ్య చేత తిట్లు తిన్నదీ అన్నీ ఆయనే. తాతయ్యకి బజార్లో ఎరువుల కొట్టు. అంతకుముందు బాబాయి వేసిన పౌరాణికం మధ్యలో జనం లేచి టూరింగ్ టాకీసులో సెకండ్ షోకి వెళ్ళిపోయారు. చివరిదాకా ఉన్నది మైకు సెట్టు అతనొక్కడే, అదీ సామాను సర్దుకుపోవాలి గనక. "ఈసారి కూడా జనం మధ్యలో లేచి వెళ్ళిపోయారా, మీసం గొరిగించుకుని కొట్లో కూర్చో. మళ్ళీ రంగు పూసుకోవడానికి వీల్లేదు" అన్నాడు తాతయ్య. బాబాయి ఒప్పుకున్నాడు. నాటకం లేకపోతే ఆయనకి అన్నం సయించదు. యూరియా వాసన అసలే సయించదు.

నేనప్పుడు బెజవాడలో బి.ఏ. చదువుతున్నాను కాబట్టి రౌడీల విషయంలో నిపుణుణ్ణని బాబాయి నిశ్చయించి, సెలవులకి రాగానే రిహార్సల్ చూపించాడు. చారల బనీను, గళ్ళ లుంగీ, మెడలో ఎర్ర రుమాలు, బుగ్గ మీద బొగ్గుతో పెట్టిన పులిపిరి. ఆయన గొంతెత్తితే పక్క దొడ్లో గేదెలు బెదిరాయి. "ఎలా ఉందిరా?" అన్నాడు. "బాగానే ఉంది బాబాయ్. కాకపోతే మా రూము కింద టీ కొట్టుకి వచ్చే ఆయన ఇలా ఉండడు" అన్నాను. నాకు తెలిసిన రౌడీ ఆయనొక్కడే. ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, తెల్ల చొక్కా. గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. ఆయన సందు మలుపు తిరిగాడంటే పంపు దగ్గర బిందెల పోట్లాట ఆగిపోయేది. బల్లల మీదవాళ్ళు గ్లాసులతో సహా లేచి నిలబడేవాళ్ళు. ఆయన మాత్రం ఎవరి వైపూ చూడకుండా, "కూర్చోండి, కూర్చోండి. టీ చల్లారిపోతుంది" అనేవాడు. ఇదంతా విని బాబాయి బుగ్గ మీది పులిపిరి తుడిచేసుకున్నాడు. "అరుపుల్లేకపోతే మనవాళ్ళు కూర్చుంటార్రా?" "ఏమో బాబాయ్." "సరే, కొట్లో కూర్చోవలసి వస్తే నా పక్కన నువ్వూ కూర్చుందువుగాని" అని నాటకం పుస్తకంలోంచి పెద్ద డైలాగులన్నీ కొట్టేశాడు.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. ఏ సభకైనా చీఫ్ గెస్టు వేళకి రాకూడదు. వస్తే ఆయనకి వేరే పనేమీ లేదనుకుంటారు. నాటకం రంజుగా ఉన్నప్పుడు తెల్లబట్టల్లో వెనకనుంచి రావాలి, నటులు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి, జనం లేవాలి, దండ పడాలి, తెగిన డైలాగు మళ్ళీ అతుక్కోవాలి. ఆ రోజూ ముందు వరసలో ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది. పక్క కుర్చీలో తాతయ్య. తాతయ్య మాత్రం ఏ చీఫ్ గెస్టుకీ లేచేవాడు కాదు, మోకాళ్ళు సహకరించవనేవాడు. గంపలగూడెం బస్సు కదిలితే పరిగెత్తి అందుకునే మోకాళ్ళే అవి.

సెకండ్ షో బాధ లేకుండా ఈసారి పొద్దుగూకగానే మొదలుపెట్టాం. ప్రాంప్టింగ్ నాది, పక్కతెర చాటున నిలబడ్డాను. రౌడీ జనంలోంచి నడిచొచ్చి వేదికెక్కాలని బాబాయి ఏర్పాటు. సమయానికి వేదిక మీది టీ కొట్టువాళ్ళు మాటలాపి, గ్లాసులతో లేచి, మైదానం చివరికి చూశారు. జనం వెనక్కి తిరిగారు. మసక వెలుతుర్లో తెల్ల పంచె. ఇంకేముంది, చీఫ్ గెస్టు వచ్చేశాడని ఒక వరస లేచింది, దాని వెంట ఇంకోటి, ఆఖరికి మైదానమంతా లేచింది. బాబాయి ఉన్నచోటే ఆగిపోయాడు. జనం లేవడానికి ఆయనకి తెలిసిన అర్థం ఒక్కటే. నాక్కూడా ఎక్కడినుంచో యూరియా వాసన కొట్టింది.

అయితే ఎవరూ వెళ్ళలేదు. పక్కకి జరిగి దారిచ్చారు. బాబాయి ఒక్క క్షణం చూసి, నెమ్మదిగా నడుస్తూ, నా పుస్తకంలో ఇంకో పేజీ తరవాత రావలసిన మాట అక్కడే అనేశాడు. "కూర్చోండి, కూర్చోండి. టీ చల్లారిపోతుంది." చేతిలో టీ లేనివాళ్ళందరూ కూర్చున్నారు. వెలుగులోకి వచ్చాక ఎవరో పోల్చుకుని, "ఓర్నీ, ఎరువుల కొట్టాయన చిన్నోడ్రా!" అన్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిచి, "నోర్ముయ్, వింటాడు" అన్నాడు. ఆ తరవాత తెర పడేదాకా ఆ మైదానంలో ఒక్క బీడీ వెలగలేదు.

తాతయ్య అందరితోపాటు లేవలేదు. కొడుకు నడక ఆయన మైదానం చివరనే గుర్తుపట్టి ఉంటాడు. అందరూ కూర్చున్నాక లేచాడు. బాబాయి తన ముందునుంచి వెళ్ళి వేదిక మెట్లెక్కేదాకా ఒక్కడే, భుజం మీది కండువా చేతిలోకి తీసుకుని, అలాగే నిలబడ్డాడు. ఇంటికెళ్ళేప్పుడు "ఎందుకు లేచావు తాతయ్యా?" అంటే, "మోకాలు పట్టేసిందిరా" అన్నాడు. మర్నాడు కొట్లోకి ఒక గుమాస్తాని పెట్టుకున్నాడు.

"అయితే ఇలా ఉండేది కాదంటారు" అంది కోడలు అంతా విని. "ఇంత అరిచేవాళ్ళు కాదమ్మా" అన్నాను. తెర మీద గడ్డపాయన ఇంకా తనెవరో చెప్పుకుంటూనే ఉన్నాడు. కోడలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని జంతికలు తింటోంది. ఇప్పుడు తాతయ్యా లేడు, బాబాయీ లేడు. చీఫ్ గెస్టయితే ఆ రోజే రాలేదు. కాలం అందరినీ ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టేసింది గానీ, ఆ సాయంత్రం లేచి నిలబడ్డ మా తాతయ్యని కూర్చోబెట్టడం మాత్రం ఇంతవరకూ దానివల్ల కాలేదు.