బిడ్డ పొట్ట చుట్టుకొలత

ఏడో నెల నిండాక, నన్ను కానుపుకు పుట్టింటికి పిలుచుకుపోవడానికి మా అమ్మ కుప్పం నుంచి పుంగనూరులో మా అత్తగారింటికి వచ్చింది. పోయేముందు మదనపల్లెలో డాక్టరమ్మకు ఒకసారి చూపించుకుందామని ఇద్దరం బస్సెక్కాం.

డాక్టరమ్మ టేపుతో నా కడుపు కొలిచి, పోయిన నెలకూ ఈ నెలకూ పెద్దగా తేడా లేదంది. స్కాన్ గదిలోకి తీసుకుపోయింది. తెర నావైపు కొంచెం తిప్పమని అడిగాను. నవ్వి తిప్పింది.

బూడిదరంగు మబ్బులాంటి బొమ్మలో ఈ అంచున ఒక చుక్క, ఆ అంచున ఒక చుక్క పెట్టి, చుట్టూ గీత గీసింది. అది తల. అట్లాగే పొట్ట. తర్వాత చిన్న తెల్లటి పుల్లలాంటిది కనపడింది. తొడ ఎముక అంట.

"అదెందుకు కొలవడం?" అన్నాను.

"లోపలుండే బిడ్డను తూకమేయలేం కదమ్మా. ఈ కొలతలన్నీ కలిపి బరువు అంచనా కట్టుకోవాల." మళ్లీ ఒకసారి పొట్ట దగ్గర ఆగింది. "తల నెలలకు తగ్గట్టే ఉంది. పొట్టే చిన్నగా ఉంది."

తల పెరిగి పొట్ట పెరగకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. అదే అడిగాను.

"బిడ్డకు తిండి అందించే మాయ నుంచి రావాల్సింది సరిగా రాకుంటే, బిడ్డ తనకుండే రక్తాన్ని ముందు మెదడుకు పంపుకుంటుంది. కాలేయంలో దాచుకునేది తగ్గిపోతుంది. అందుకే పొట్ట సన్నబడుతుంది."

భయం కంటే ముందు ఆశ్చర్యం కలిగింది నాకు. ఇంకా పుట్టనైనా లేదు, ఏది ముందో ఏది వెనకో ఆ ఒంటికి ఎట్లా తెలుసు?

అమ్మ ఊరుకోలేదు. "మా ఇంట్లో అందురూ సన్నమే డాక్టరమ్మా. ఇది పుట్టినబ్బుడు దోసిట్లో పట్టేది. యాల బయపెడ్తాండారు?"

"అదీ అయ్యుండొచ్చమ్మా. పుట్టుకతో సన్నగా ఉండే బిడ్డ వేరు, పెరగడం తగ్గిపోయిన బిడ్డ వేరు. ఒక్క కొలతతో తెలీదు. రెండు వారాలాగి మళ్లీ కొలిస్తే తెలుస్తుంది. అంతదాకా కుప్పం వద్దు."

అమ్మ వియ్యపురాలింట్లో ఉండిపోయింది, మొహమాటంగానే. ఇద్దరూ పోటీపడి సంగటి, గుడ్లు, ఆకుకూర పెట్టారు. మధ్యాహ్నం పక్కకు తిరిగి పడుకొని, పొట్టమీద చెయ్యేసి, బిడ్డ ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ ఉండేదాన్ని.

రెండో స్కాన్‌లో తల పెరిగింది. పొట్ట దాదాపు అక్కడే ఉంది. డాక్టరమ్మ ఏదో మీట నొక్కింది. గది నిండా ఉస్సు ఉస్సుమని చప్పుడు.

"బొడ్డుతాడులో రక్తం పోయే శబ్దం. కొంచెం కష్టంగా పోతోంది, కానీ ఆగడం లేదు. ఆగితే ప్రమాదం. ఇకపై వారం వారం రావాల."

అమ్మ వాదించలేదు. తెరకు దగ్గరగా జరిగి, "ఇంగొకసారి వినిపిస్తారా?" అంది.

తొమ్మిదో నెల పడ్డాక ఒకరోజు డాక్టరమ్మ కొలతలు చూసి, "ఇంక లోపలకంటే బయటే బాగా పెరుగుతుంది" అని ఆస్పత్రిలో చేర్చుకుంది. నొప్పులు రావడానికి మందిచ్చారు. మర్నాడు పొద్దున పాప పుట్టింది. రెండు కిలోలకు కొంచెం తక్కువ. గుండ్రటి పెద్ద తల, లోపలికి పోయిన పొట్ట, తొడలమీద వదులుగా ముడతలు. తెరమీద గీసిన గీతలకు ప్రాణమొచ్చినట్టే ఉంది. ఏడుపు మాత్రం వరండా దాకా వినపడింది.

"మాయ చూపిస్తారా?" అని అడిగాను.

"చీ, దాన్ని సూస్తారా ఎవురన్నా!" అంది అమ్మ.

డాక్టరమ్మ ట్రేను నా దగ్గరికి తెచ్చింది. ముదురెరుపులో తడిగా, ఒక చెట్టు కొమ్మల్లాగా నరాలు. ఒక పక్క మాత్రం పాలిపోయి గట్టిపడిన మచ్చలు. "ఈ భాగానికి రక్తం అందలేదు" అంటూ గ్లవుజు వేలితో చూపించింది.

"ఎందుకు అందలేదు?"

"ఒక్కోసారి మాకూ తెలీదమ్మా."

ఆ జవాబు నాకు నచ్చింది. వద్దన్న అమ్మ కూడా నా భుజం మీదుగా వంగి చూస్తోంది.

పాపను కొన్నాళ్లు నా ఎదమీదే వెచ్చగా పెట్టుకొని, గంట గంటకూ పాలు పట్టించారు. బరువు పెరగడం మొదలయ్యాక ఇంటికి పంపారు. కుప్పం పోయే బస్సులో పాప అమ్మ ఒడిలో నోరు తెరుచుకొని నిద్రపోయింది. అమ్మ దారిపొడుగునా దాని పొట్ట లేచి పడడమే చూస్తూ కూర్చుంది.